చేను ఒకటే, ఆసాములు ఇద్దరు: కౌలు ఎవరికి కట్టాలి?

(రేపల్లెలో జరిగిన సొంత రైతులు, కౌలు రైతుల ఉమ్మడి సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



తెనాలి నుంచి, బాపట్ల నుంచి పొద్దున్నే బయలుదేరి ఈ ఎండలో వచ్చారు. హాల్లో ఫ్యాన్లు రెండే తిరుగుతున్నాయి. అందుకని ఉపోద్ఘాతం మానేసి నేరుగా విషయంలోకి వస్తాం.

కౌళ్లు మాట్లాడుకునే రోజులివి. మినుము నూర్పిళ్లు అయిపోయాయి, మొక్కజొన్న కల్లాల నుంచి కదులుతోంది. ఏ అరుగు మీద చూసినా "ఈ ఏడు ఎకరానికి ఎన్ని బస్తాలు?" అన్న మాటే. ఆ మాట కంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. "ఆ చేను మీద అప్పు ఎంతుంది?" అది మనం ఎప్పుడూ అడగం. అడిగితే ఆసామికి కోపం వస్తుందనీ, చేను ఇంకొకరికి ఇచ్చేస్తాడనీ భయం. ఆ ఒక్క మాట అడగనందుకు మొన్నటి సీజన్‌లో మన సభ్యుడొకరు పడిన అవస్థ మీ ముందు పెడతాం. పేరు చెప్పం. ఆయన ఈ హాల్లోనే ఉన్నాడు, పేరు వద్దన్నాడు.

ఆయన రేపల్లె దగ్గర పల్లెటూళ్లో నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాడు. ఆసామి తెనాలిలో ఉంటాడు, చిన్న బట్టల వ్యాపారం. పొలం తండ్రి నుంచి వచ్చింది. చెడ్డ మనిషి కాదు. పండక్కి వెళితే లోపలికి పిలిచి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చే మనిషి. ఎకరానికి ఏడాదికి 25 బస్తాల మక్తా. అందులో 12 బస్తాల సొమ్ము నారు పోయకముందే కట్టాలి, మిగతా 13 పంటల మీద. నోటి మాటే, కాగితం లేదు. తొమ్మిదేళ్లుగా అదే నోటి మాట.

ఆ ఆసామి రాజధాని ఊపులో, మన దగ్గర సెంటు భూమికి కూడా రెక్కలొచ్చిన రోజుల్లో, ప్రోనోట్ల మీద అప్పు తెచ్చి ప్లాట్లు కొన్నాడు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. ప్లాటు అడిగేవాడు లేడు. తర్వాత కరోనా వచ్చింది, కొట్టు మూతపడింది. వడ్డీ మాత్రం మూతపడలేదు. అప్పిచ్చినవాళ్లు దావా వేశారు, డిక్రీ తెచ్చుకున్నారు, ఈ నాలుగెకరాలూ జప్తు చేయించారు. మనవాడు దమ్ము చేస్తున్నప్పుడు గట్టు మీద కర్రకు ఒక కాగితం కట్టి ఉంది. ఫోన్ చేసి "ఏంటండీ బాబుగారూ ఇది?" అని అడిగితే, "ఏం లేదులే, లాయరు చూసుకుంటున్నాడు, నువ్వు ఊడ్పులు కానివ్వు" అన్నాడాయన. ఊడ్చాడు. వరి కోతకొచ్చేలోపు వేలం అయిపోయింది. కోతకు ముందు చల్లిన మినుము సంక్రాంతికి పూత మీద ఉంది. అప్పుడు రెండు కార్లు వచ్చి గట్టు మీద ఆగాయి. దిగినాయన "పొలం మేం కొన్నాం. నువ్వెవరు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు మనవాడి దగ్గర జవాబు లేదు. పాస్‌పుస్తకంలో అతని పేరు లేదు. ఈ-పంటలో ఆసామి పేరే ఎక్కింది. కౌలు కట్టినట్టు రశీదు లేదు. తొమ్మిదేళ్లు ఆ చేలో పండించిన మనిషి, తాను ఆ చేలో ఎందుకున్నాడో రుజువు చేసుకోలేకపోయాడు.

కొన్నాయన రెండో పంట కౌలు తనకే కట్టమన్నాడు. పాత ఆసామి ఇంటావిడ ఫోన్ చేసి "మాట ఏడాదికి కదా అనుకున్నాం, మిగతా 13 బస్తాలూ మాకే రావాలి, మా పరిస్థితి నీకు తెలుసు కదా నాయనా" అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. వాళ్ల పరిస్థితి నిజంగానే అలా ఉంది. సంఘం వాళ్లం వెళ్లి ఊరి పెద్దల్ని కూర్చోబెట్టాం. తేలడానికి పది రోజులు పట్టింది. మిగిలిన 13 బస్తాల్లో 8 కొన్నాయనకి, 5 పాత ఆసామికి ఇచ్చేట్టు ఒప్పించాం. ఈ పది రోజులూ చేలోకి కూలీలను దిగనివ్వలేదు. ఎండు కాయ పగిలి మినుము నేలపాలైంది. ఎకరానికి నాలుగు క్వింటాళ్లు అనుకున్న చేను మూడు కూడా ఇవ్వలేదు. ఆ నష్టం ఎవరి ఖాతాలో వేశామని మీరు అడిగితే, మేము కూడా తలదించుకోవాల్సిందే. అతని ఖాతాలోనే పడింది.

ఇదేదో ఒక్కడికి జరిగిన పొరపాటు అనుకోకండి. దీని వెనక ఉన్న లెక్క విప్పి చూడాలి.

ఒక ఎకరం తీసుకుందాం. మన సభ్యుల పుస్తకాల్లో చూసిన లెక్కే, కాస్త గుండ్రంగా చెబుతున్నాం. సార్వాలో 30 బస్తాలు పండింది. 2024-25కి సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు, అంటే 75 కిలోల బస్తా 1,725. తేమ 17 శాతం దాటిందనో, సంచులు రాలేదనో, ఈ-పంటలో పేరు వేరే ఉందనో, కౌలు రైతు చాలాచోట్ల కల్లంలోనే వ్యాపారికి ఇచ్చేశాడు. 1,450 అనుకోండి. ముప్పై బస్తాలకు 43,500. దమ్ము, ఊడ్పు, ఎరువులు, మందులు, మిషన్ కోత కలిపి 33,000 పోతే మిగిలింది 10,500. మినుము నాలుగు క్వింటాళ్లు, క్వింటాలు 7,000 చొప్పున 28,000. ఖర్చు పది వేలు తీసేస్తే 18,000. రెండు పంటల మీద చేతికొచ్చింది 28,500. కౌలు 25 బస్తాలు అదే 1,450 లెక్కన 36,250. ఎకరానికి 7,750 ఎదురు పెట్టాడు. ఇంకా వడ్డీ వేయలేదు. ఇంటిల్లిపాదీ చేసిన కష్టానికి కూలి అసలు కట్టలేదు.

మద్దతు ధర దక్కి ఉంటే? ముప్పై బస్తాల మీద 8,250 ఎక్కువొచ్చేది. కౌలు డబ్బు రూపంలో ముందే ఖాయం చేసి ఉంటే గట్టెక్కేవాడు. బస్తాల లెక్కన అయితే ధర పెరిగిన మేరకు కౌలూ పెరుగుతుంది. ఇక్కడ మనవాళ్లలోనే చాలామందికి తికమక ఉంది, కాస్త నిలబడి చూద్దాం.

కౌలు బస్తాల లెక్కన ఉంటే, ధర పడినప్పుడు ఆసామికీ నష్టమే. అతని 25 బస్తాల విలువా పడుతుంది. కానీ దిగుబడి పడినప్పుడు ఆసామికి చుక్క నష్టం లేదు. ముప్పై పండినా పది పండినా అతనివి 25. ఇక డబ్బు కౌలు, అదీ ముందస్తు అయితే, ధర పడినా దిగుబడి పడినా రెండూ కౌలు రైతు నెత్తినే. మన తాతల నాటి కోరు పద్ధతిలో, పాలికి చేసే పద్ధతిలో వాన కొట్టినా ఎండ కొట్టినా ఇద్దరికీ తగిలేది. ఆ పద్ధతిలో మోసాలు లేవని కాదు. ఆసామి కల్లంలో కాపలా కూర్చునేవాడు, గడ్డి దగ్గర కూడా తగువులే. అయినా నష్టంలో వాటా ఉండేది. ఇప్పుడు ఆ వాటా పోయింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోసిన పనలు నీళ్లలో తేలాయి, కోయని చేలు నేలకు ఒరిగాయి. ఆ ఏడాది కౌలు తగ్గించిన ఆసాములు ఉన్నారు, వాళ్లకు దండం పెడతాం. కానీ అది వాళ్ల దయ. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద నమోదైంది. కొల్లూరు, భట్టిప్రోలు లంకల్లో అరటి, పసుపు, కంద రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. లంక భూముల కౌలు ఎక్కువ భాగం ముందే కట్టేసి ఉంది. కట్టేసిన కౌలు వెనక్కి అడిగే దమ్ము ఎవరికుంది?

ఆసామి వైపు నుంచి కూడా ఒక్క క్షణం చూద్దాం. ఆసామి అంటే మీసాల భూస్వామి అనుకునే రోజులు పోయాయి. మన దగ్గర కౌలుకిచ్చేవాళ్లలో రిటైరైన మేష్టారు ఉన్నారు, భర్త పోయిన ఆడమనిషి ఉంది, హైదరాబాదులో అద్దెకుంటూ ఉద్యోగం చేసుకునే కుర్రాడు ఉన్నాడు. రెండెకరాల కౌలు మీద మందుల ఖర్చు వెళ్లదీసే ముసలివాళ్లు ఉన్నారు. మా ఇంట్లోనే చూడండి. మాకు మూడెకరాలు సొంతం, నాలుగు కౌలు. మా పెద్దమ్మగారి ఎకరంన్నర వేరొకరు కౌలుకు చేస్తారు, ఆ డబ్బు వసూలు చేసేది మేమే. అంటే కౌలు కట్టేవాళ్లమూ మేమే, అడిగేవాళ్లమూ మేమే. కౌలు ఆలస్యమైతే పెద్దమ్మ ముఖం ఎలా ఉంటుందో మాకు తెలుసు. ధర పడితే కౌలు రైతు మునుగుతాడు. అతను కట్టలేకపోతే చిన్న ఆసామి బ్యాంకు కిస్తీ తప్పుతాడు. కిస్తీ తప్పితే నోటీసు, నోటీసు తర్వాత వేలం. ఒకే గొలుసు.

ఇది కొత్తగా వచ్చింది కాదు. 1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం వచ్చినప్పుడు మన డెల్టాలో వడ్ల ధర సగానికి పడిపోయింది. అదే సమయంలో దొరల ప్రభుత్వం రీసెటిల్‌మెంటు పేరుతో కృష్ణా, గోదావరి డెల్టాల్లో శిస్తు రూపాయికి మూడణాలు పెంచాలని కూర్చుంది. పంట ధర పడినా శిస్తు పడలేదు, వడ్డీ పడలేదు. షావుకార్లు డిక్రీలు తెచ్చి పొలాలు వేలం వేయించారు. నిడుబ్రోలు రంగాగారు రైతుల్ని కూడగట్టింది ఆ కాలంలోనే. రైతు రుణాల మీద విచారణ చేసిన సత్యనాథన్ నివేదిక 1935లో వచ్చింది. 1938లో రాజాజీ మంత్రివర్గం మద్రాసు వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు అప్పుల మీద పేరుకుపోయిన వడ్డీ కొట్టేశారు. అసలుకు రెట్టింపు కట్టి ఉంటే ఆ అప్పు తీరిపోయినట్టే అన్నారు. చాలా కుటుంబాలు దాంతో బతికి బట్టకట్టాయి. కానీ ఆ చట్టం ముఖ్యంగా అమ్ముకోదగ్గ హక్కు ఉన్నవాడినే రైతుగా చూసింది. ఏడాది కౌలుకు దున్నుకునేవాడు దాని కంటికి ఆనలేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఏ రుణమాఫీ తీసుకున్నా అదే కథ. కాగితం మీద పేరున్నవాడికి మాఫీ, చేలో కాలుపెట్టినవాడికి మిత్తి.

కాగితం గురించి కౌలు చట్టాలు ఏం చేశాయో కూడా చెప్పుకోవాలి. ఆంధ్ర ప్రాంతానికి 1956లో కౌలు చట్టం వచ్చింది. 1974 సవరణతో సాగునీటి భూమికి మొత్తం పంటలో 30 శాతం మించి కౌలు తీసుకోకూడదన్నారు, ఆరేళ్లకు తక్కువ గడువు కుదరదన్నారు. ముప్పై బస్తాలకు తొమ్మిది బస్తాలన్నమాట! ఎక్కడైనా అమలైందా? ఆరేళ్లు అనేసరికి ఆసాములు హడలిపోయారు. కాగితం రాయడం మానేశారు, రెండేళ్లకోసారి మనిషిని మార్చడం మొదలుపెట్టారు. మంచి ఉద్దేశంతో వచ్చిన చట్టం కౌలు రైతును కాగితం మీద నుంచి తుడిచేసింది. మన సంఘంలో కొందరు పెద్దలకు ఈ మాట నచ్చదు, అయినా చెప్పాలి. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని కింద ఇచ్చేదే సీసీఆర్‌సీ కార్డు. 11 నెలలు చెల్లుతుంది. భూమి మీద ఏ హక్కూ రాదు, పంట మీద మాత్రమే. చట్టంలో అంత స్పష్టంగా రాసినా, ఆసామి సంతకం ఉంటేనే కార్డు. సంతకం అడిగితే "ఎందుకురా లేనిపోని గొడవ, నామీద నమ్మకం లేదా?" అంటాడు. నమ్మకం ఉండబట్టే కదండీ తొమ్మిదేళ్లు నోటి మాట మీద చేశాం!

కార్డు ఉన్నా బ్యాంకు దగ్గర ఇంకో గోడ ఉంది. ఆసామి అప్పటికే అదే సర్వే నంబరు మీద పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒకే చేను మీద రెండు పంట రుణాలు ఇవ్వం అంటాడు మేనేజరు. పంట రుణం ఏడు శాతం, గడువులో కడితే నాలుగు. పూచీకత్తు లేని వ్యవసాయ రుణం పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుంచి రెండు లక్షలకు పెంచింది. సంతోషమే. అవి ఎవరికి అందుతున్నాయి? పంట వేయనివాడు నాలుగు శాతానికి తెచ్చుకున్నాడు. పంట వేసేవాడు నూటికి నెలకు రెండు రూపాయలకు, అంటే ఏడాదికి 24 శాతానికి తెచ్చుకున్నాడు. లక్షన్నర తెస్తే ఎనిమిది నెలలకు వడ్డీయే 24,000. ఇందాకటి నాలుగెకరాల నష్టం 31,000కు ఇది కలపండి. ఇంకో చేదు మాట ఉంది. కొన్ని చోట్ల ఆసామి బ్యాంకులో తెచ్చిన ఆ నాలుగు శాతం డబ్బే కౌలు రైతుకు రెండు రూపాయల వడ్డీకి వస్తోంది. నవ్వుతున్నారు, అంటే ఇక్కడ కూడా ఉన్నారన్నమాట.

ఇక నోటీసుల సంగతి. ఏ నోటీసు వచ్చినా గుండె జారిపోతుంది, తేడా తెలుసుకోవాలి. బ్యాంకులు కోర్టుకు పోకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే 2002 నాటి సర్ఫేసి చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. ఆ చట్టం 31వ సెక్షన్లోనే రాసి ఉంది. పొలం తనఖా ఉన్నంత మాత్రాన ఆ చట్టం కింద వచ్చి బోర్డు పాతే అధికారం బ్యాంకుకు లేదు. అయితే రికార్డులో మెట్ట అనో మాగాణి అనో ఉండి, నేల మీద ప్లాట్ల రాళ్లు పాతి ఉంటే ఆ రక్షణ నిలబడకపోవచ్చు. రికార్డు ఒక్కటే చాలదు, నిజంగా సాగులో ఉందా చూడాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. పొలానికి సర్ఫేసి లేకపోయినా మామూలు సివిల్ కోర్టు డిక్రీ ఉంటుంది, సహకార సంఘం బకాయికి సహకార చట్టం కింద వసూలు ఉంటుంది. మన సభ్యుడి ఆసామికి వచ్చింది సివిల్ డిక్రీయే. మామూలు డిక్రీలో వ్యవసాయం చేసుకునేవాడి నివాసపు ఇల్లు, అరకలు, పశువులు, విత్తనాలు జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతుంది. అమీను వచ్చి ఎద్దుల తాడు పట్టుకుంటే ఆ మాట గుర్తు పెట్టుకోండి. కానీ ఆ ఇంటినే ఆ అప్పుకు తనఖా పెట్టుకుని ఉంటే ఆ అండ ఉండదు.

వేలంలో కొన్నవాడు వచ్చి కౌలుదారును గెంటేయవచ్చా? అదే కోడ్‌లో 21వ ఆర్డరు 96వ రూలు ఉంది. అమ్మిన ఆస్తి కౌలుదారు చేతిలో ఉంటే, అమ్మకపు సర్టిఫికెటు నకలు అక్కడ అంటించి, దండోరా వేయించి, కొన్నవాడి హక్కు తెలియజేయాలి. కౌలుదారును బయటకు లాగి పొలం అప్పగించడం కాదు. బాగానే ఉంది. కానీ నేను కౌలుదారును అని రుజువు చేసుకోవాలి కదా! మళ్లీ కాగితం దగ్గరికే వచ్చాం.

తెనాలిలో, బాపట్లలో మన పిల్లలు అద్దె ఇళ్లలో ఉండి చదువుకుంటున్నారు, చిన్న కొట్లు పెట్టుకున్నారు. పట్టణంలో ఇంటికి, దుకాణానికి సర్ఫేసి వర్తిస్తుంది. కట్టమని 60 రోజుల నోటీసు ఓనరుకు వస్తుంది, అద్దెకుండేవాడికి రాదు. అతను గోడ మీద అంటించాక చూస్తాడు. తన అద్దె ఒప్పందం తనఖా కంటే ముందుదని కాగితంతో చూపగలిగితే, 2016 సవరణ ప్రకారం రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి ఉంది. నోటి మాట అద్దెకు ఆ దారి దొరకడం కష్టం. అడ్వాన్సు పోయినట్టే లెక్క.

2008లో అమెరికాలో ఇళ్ల అప్పులు కుప్పకూలాయి. మన తెనాలి, రేపల్లె పిల్లలు కూడా అక్కడ ఉన్నారు కాబట్టి ఆ కబుర్లు మనకు ఫోన్లలో వచ్చాయి. అక్కడ విచిత్రం ఏమిటంటే, నెలనెలా అద్దె తప్పకుండా కట్టినవాళ్లు కూడా వీధిన పడ్డారు. అద్దె తీసుకున్న ఓనరు ఆ డబ్బు బ్యాంకుకు కట్టలేదు, బ్యాంకు ఇల్లు పట్టుకుపోయింది. గగ్గోలు పుట్టాక 2009 మే నెలలో ఒక చట్టం చేశారు. బ్యాంకు పట్టుకుపోయిన ఇంటిని కొన్నవాడు, అద్దెకున్నవాడికి కనీసం 90 రోజుల గడువు ఇవ్వాలి. అద్దె ఒప్పందం ఉంటే గడువు తీరేదాకా ఉండనివ్వాలి, తాను వచ్చి కాపురం ఉంటే తప్ప. ఆ చట్టం 2014 చివర్లో గడువు తీరిపోయింది. 2018లో మళ్లీ శాశ్వతంగా తెచ్చుకున్నారు. ఇల్లు అద్దెకున్నవాడికి 90 రోజులు ఇచ్చినప్పుడు, పూత మీదున్న మినుముకు నూర్పిడి దాకా గడువు ఇవ్వమని అడగడం గొంతెమ్మ కోరికా?

నిజాంపట్నం, రేపల్లె వైపు రొయ్యల చెరువులు కౌలుకు చేసేవాళ్ల పరిస్థితి ఇంకా వేడిగా ఉంది. అమెరికా ప్రభుత్వం 2025 ఏప్రిల్ 2న మన సరుకు మీద 26 శాతం సుంకం ప్రకటించింది. వారం తిరిగేసరికి 90 రోజులు ఆపి, అప్పటికి పది శాతం దగ్గర ఉంచింది. సుంకం ఆగింది గానీ ప్రకటన రోజున తగ్గించిన రొయ్య ధర ఆగినంత తొందరగా పైకి రాలేదు. చెరువు కౌలు మాత్రం పూర్తిగా ముందస్తు, లక్షల్లో. మేత అరువు, సీడు అరువు. ఆడవాళ్ల మెడలో బంగారం ముందే బ్యాంకులో ఉంది. బంగారం ధర చుక్కలంటినప్పుడు, వేలం వేసినా బాకీ పోను ఇంకా మిగులుతుంది. ఆ మిగులు మీదే. నోటీసు వచ్చినప్పుడు సిగ్గుపడి ఇంట్లో కూర్చోకుండా వెళ్లి లెక్క అడగండి, కాగితం తీసుకోండి.

ఇప్పుడు ఏం చేద్దామన్నది. సంఘం రెండు పేజీల కౌలు ఒప్పందం నమూనా తయారు చేసింది, తెలుగులోనే, లాయరు చేత చూపించాం. ఎన్ని బస్తాలు, ఎప్పుడు కట్టాలి, పంట ఏడాది ఎప్పటితో ముగుస్తుంది, చేను మీద ఇప్పటికే ఏ బ్యాంకులో ఎంత రుణం ఉంది అన్నవి మొదటి పేజీలో. రెండో పేజీలో రెండే షరతులు. చేను అమ్మినా, వేలం పడినా, నిలిచి ఉన్న పంట కోసుకునేదాకా కౌలు రైతుదే, ముందే కట్టిన కౌలు కొన్నవాడి లెక్కలోకి వస్తుంది. తుపాను, వరద వల్ల ఊళ్లో సగటు దిగుబడి పడిపోతే అదే దామాషాలో బస్తాలు తగ్గుతాయి. రెండో షరతుకు ఆసాములు ఒప్పుకోవడం కష్టమని మాకు తెలుసు. పెద్దమ్మగారి చేత సంతకం చేయించడానికి మాకే రెండు సాయంత్రాలు పట్టింది. "పంట బాగా పండితే ఎక్కువిస్తాడా మరి?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నలభై బస్తాలు దాటిన ఏడాది ఒక బస్తా ఎక్కువ అని రాశాం. నవ్వి సంతకం చేసింది.

ప్రభుత్వాన్ని అడగాల్సింది వేరే ఉంది. సీసీఆర్‌సీ కార్డు ఉన్న చేనుకు జప్తు, వేలం నోటీసు ఇస్తే, ఒక నకలు కార్డుదారుడికీ ఇవ్వాలి. పంట మీద ఉండగా స్వాధీనం చేయకూడదని ఉత్తర్వు రావాలి. ఈ-పంటలో సాగు చేసేవాడి పేరు ఎక్కాలి, వరద సాయం, బీమా, వడ్ల డబ్బు ఆ పేరు మీదే పడాలి. ఆసామి రుణం ఉందన్న సాకుతో కార్డుదారుడికి పంట రుణం నిరాకరించకూడదు. ఇవి వినతిపత్రంగా రాసి గుంటూరు, బాపట్ల కలెక్టర్లు ఇద్దరికీ ఇస్తాం. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక తెనాలి గుంటూరులో ఉండిపోయింది, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. ఆసామి ఒక జిల్లాలో, చేను ఇంకో జిల్లాలో. అందుకని రెండు చోట్లా తిరగక తప్పదు.

ఒప్పందం కాగితాలు బయట బల్ల మీద ఉన్నాయి, ఇద్దరికి రెండు కాపీలు తీసుకోండి. కార్డు దరఖాస్తుకు ఆధార్ నకలు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, చేను సర్వే నంబరు తెచ్చుకోండి. సర్వే నంబరు తెలియనివాళ్లు సిగ్గుపడకుండా చెప్పండి, ఇక్కడే ఫోన్లో చూసి రాసి ఇస్తాం. వచ్చే ఆదివారం ఇదే హాల్లో మళ్లీ కూర్చుంటాం. వీలైతే ఆసామిని కూడా వెంటబెట్టుకుని రండి. సంతకాలు ఇక్కడే చేయిద్దాం. పేరు చెప్పొద్దన్న మన సభ్యుడు ఈసారి వేరే ఆసామి దగ్గర మూడెకరాలు మాట్లాడుకున్నాడు. ఆయన కాగితం మీద మొదటి సంతకం పొద్దున్నే పడింది.